పడవకి బ్రేకులుండవు

కాదండీ రవూఫ్ గారూ, ఒక్క మాట అడుగుతా, ఏమీ అనుకోకండి. చచ్చిపోయిన లారీని ఎందుకు బతికించారండీ మీరు?

మా ఆయన అడిగారా! ఆయన అడిగితే మాత్రం? ఆ మనిషికి లేకపోతే మీకన్నా ఉండొద్దా బుద్ధి?

పొద్దున్నే ఉయ్యూరులో బస్సెక్కి వచ్చా. ఆటోనగర్ గేటు దగ్గర దిగి, వాళ్ళనీ వీళ్ళనీ అడుగుతా వచ్చేసరికి మీ షెడ్డుకి తాళం. ఇంతసేపూ ఆ టైర్ల కొట్టు అరుగు మీద కూర్చున్నా. వచ్చేపోయేవాళ్ళంతా నన్నే చూట్టం. తప్పు మీదని కాదులెండి, నేనొస్తానని మీకేం కల వచ్చిందా?

మంచినీళ్ళు వద్దు. టీ అసలే వద్దు. పని చేసుకుంటానే వినండి, చెవులుంటే చాలు నాకు.

నేనిక్కడికి వచ్చినట్టు మా ఆయనకి తెలియదు. పటమటలో మా చెల్లెలికి ఒంట్లో బాగాలేదని చెప్పొచ్చా. ఫోనొస్తే మీరు కూడా నన్ను చూసినట్టు చెప్పొద్దు. జానకిరామ్ గారి భార్యా? ఆవిడెందుకొస్తుందండీ ఇక్కడికి, అనండి. అంతే.

ఫోనొచ్చిందా పొద్దున్నుంచీ? మీ ఇంటికి కూడా రాలేదా? తాళం వేసున్నప్పుడు లోపల మోగుతుందేమోనని చెవొగ్గి విన్నా. మోగలా. వస్తుందిలెండి. రావాలి. రాకుండా ఎట్లా ఉంటది?

ఆ బండి సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది. మిలిటరీ వాళ్ళు వేలం వేస్తే మా మామగారు కొన్న బండి. పెట్రోలు బండి. మీ నాన్నగారి చేతి మీదే బతికింది అన్నాళ్ళూ. నేను కాపురానికి వచ్చింది దాని ముందు సీట్లోనే, ఒళ్ళో పసుపు కుంకాల పళ్ళెం పెట్టుకుని. మామగారు పోయాక దాని తాగుడు భరించలేక గొడ్లసావిట్లో పెట్టేశాం. కోళ్ళు గుడ్లు పెట్టుకునేవి దాంట్లో. ముందు సీటు మీద పిల్లి ఈనింది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. హాయిగా ఉందండీ అది!

అట్లాంటిదాన్ని మీరొచ్చి, తట్టి చూసి, "అడుగు ఉక్కులా ఉందండీ జానకిరామ్ గారూ, డీజిలు ఇంజను పడిందంటే ఇంకో తరం తోలుకోవచ్చు" అన్నారు. అన్నారా, లేదా? ఇంక చూడండి, ఆ మనిషికి అన్నం సయిస్తే ఒట్టు. చేలో నీళ్ళు మళ్ళిస్తా ఇంజను, గొడ్లకి కుడితి పెడతా ఇంజను. పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు కూడా అంత మురిసిపోలేదండీ నన్ను చూసి.

సరే, అది కూడా వదిలేయండి. బండి బాగుపడితే నాకు మాత్రం చేదా? సీజన్లో లారీల వాళ్ళని బతిమాలుకునే బాధ తప్పిద్ది. చెరుకు కొట్టేసి గట్టున పడుంటే రోజురోజుకీ ఎండి బరువు తగ్గిపోద్ది, అది చూస్తా కూర్చునే బాధ తప్పిద్ది. అదంతా నాకు తెలుసు.

నేను వచ్చింది దానికి కాదు.

ఒట్టు తప్పి చెబుతున్నా, మీకొక్కరికే. ఆయనకి కాళ్ళు తెలియట్లేదండీ.

అంటే నడుస్తారు, ఎక్కుతారు, దిగుతారు. స్పర్శ లేదు. షుగరు జబ్బు. మోకాళ్ళ కింద నుంచీ మొద్దుబారిపోయినాయి. చెప్పు ఊడిపోయినా తెలియదు, ఒక్క చెప్పుతోనే వీధి చివరిదాకా పోతారు. రెండోది చేత్తో పట్టుకుని వెనకమాల నేను పరిగెత్తాలి. చూసినవాళ్ళు మొగుడూ పెళ్ళాల సరసం అనుకుంటారు.

కార్తీకమాసంలో ఒకరోజు వేన్నీళ్ళ పొయ్యి దగ్గర నిలబడి పేపరు చదువుతున్నారు. నేను వంటింట్లో ఉన్నా. ఏదో కాలుతున్న వాసన. పప్పు మాడిందేమోనని గిన్నె దించి చూశా. పప్పు కాదు. బయటికొచ్చి చూస్తే, పొయ్యిలోంచి జారిన నిప్పు మీద కాలేసుకుని నిలబడి ఉన్నారు. ఉత్త కాలండీ. తాపీగా పేజీ తిప్పుతున్నారు.

నేను కేకేస్తే, "ఏంటే, ఏమైంది నీకు?" అన్నారు. నాకేమైందంట!

సూర్యారావుపేటలో డాక్టరు గారికి చూపించాం. ఆయన సూదితో పొడిచి చూసి, బండ్లేమన్నా నడుపుతారా అని అడిగాడు. లేదండీ అన్నారు ఈయన, నా పక్కన కూర్చునే. నడపకండి, బ్రేకు మీద కాలుందో లేదో కూడా మీకు తెలియదు అన్నాడు డాక్టరు. బయటికొచ్చి మెట్లు దిగుతా నా చెయ్యి లాక్కుని తన నెత్తి మీద పెట్టుకున్నారు. ఈ సంగతి మూడో మనిషికి చెబితే నా శవాన్నే చూస్తావు రాజ్యం, అన్నారు.

అదండీ నా నోరు కట్టేసిన మాట. ఇన్నాళ్ళూ మీరు ఇంజను బిగిస్తా ఉంటే, మీకు మజ్జిగిచ్చి పక్కన నిలబడి ఊరుకున్నది అందుకు. ఇప్పుడు చెబితే ఏమవుద్దో, చెప్పకపోతే ఏమవుద్దో, రెండూ ఒకటే అనిపించి చెబుతున్నా.

అడక్కుండా ఉంటానా? అడిగా. ఇశ్రాయేలు ఉన్నాడుగా, మన ట్రాక్టరు వాడే తోలేది, లారీ లైసెన్సు కూడా ఉంది, వాడికివ్వండి అన్నా. "మా నాన్న బండి ఇంకొకడు తోల్తే నేను పక్కన కూర్చోవాలా?" అని కంచం ముందు నుంచి లేచిపోయారు. మళ్ళీ అన్నా, మళ్ళీ లేచారు. పస్తుంటే షుగరు పడిపోద్దని నేనే నోరు మూసుకున్నా.

ఆ ఇంజను కూడా, నిజం చెప్పాలంటే, నాకు మొదట్నుంచీ నచ్చలా. గిలకలదిండిలో సముద్రం మీదికి పోయే మరపడవదంటగా? పడవ ఏమైందంటే మా ఆయన నవ్వారు. పాతబడితే పగలగొట్టి అమ్మేశారే పిచ్చిదానా, అన్నారు. అయ్యుండొచ్చు. కానీ వేడెక్కాక దగ్గరికెళ్ళి చూడండి, ఇప్పటికీ నీచు వాసనొస్తది. ఎన్ని అగరొత్తులు గుచ్చినా పోలా.

మొదటిరోజు మీరు స్టార్టు చేసినప్పుడు ఊరంతా వచ్చింది. గుర్తుందా? ఇంక ఆపమని మీరంటే ఆయన తాళంచెవి తీసి జేబులో వేసుకున్నారు. ఇంజను ఆగలా! తాళంచెవి జేబులో ఉంది, అది అట్లాగే గుడగుడమంటా ఉంది. మీరేమో, డీజిలుకి తాళంచెవితో పనిలేదమ్మా, ఈ తీగ లాగితేనే ఆగుద్ది, అని నవ్వారు. నాకు నవ్వు రాలా.

ఆ మర్నాడు మా ఊరి ఒడ్ల మిల్లు దాకా తోలి చూశారు. మిల్లు గేటు దగ్గర ఆగాల్సిన బండి ఆగలా. ఈయన బ్రేకు మీద లేచి నిలబడ్డారంట. పోయిపోయి గడ్డివాములో దూరింది. గడ్డివాము కాబట్టి సరిపోయింది. అప్పుడు మీరన్న మాట నేను మర్చిపోలేదండీ. "ఇది పడవ ఇంజను కదండీ, పడవకి బ్రేకులుండవు" అన్నారు. అందరూ పడీపడీ నవ్వారు. గడ్డి దులుపుకుంటా మా ఆయన కూడా.

తర్వాత మీరొచ్చి బ్రేకు బాగుచేసి వెళ్ళిన రోజు అన్నం తింటా నాకు పాఠం చెప్పారు. పెట్రోలు ఇంజను గట్టిగా గాలి పీలుస్తదంట, ఆ పీల్పుతోనే బ్రేకుకి బలమంట. డీజిలు దానికి ఆ పీల్పు లేదంట. అందుకని మీరు గాలి లాగే పంపు ఏదో విడిగా తెచ్చి బిగించారంట. ఇప్పుడు బ్రేకు వెన్నపూసలా ఉందంట. "ఇంక నా కాలుతో పనేముందే, చిటికెనవేలితో నొక్కినా ఆగుద్ది" అన్నారు.

విన్నారా? కాలు సంగతి మర్చిపోయి కాదండీ ఎక్కేది. గుర్తుండే ఎక్కుతున్నారు.

ఇవాళే మొదటి లోడు. ఉయ్యూరు పంచదార ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డరు వచ్చింది, చెరుకు నిన్ననే కొట్టేశారు. పూజ కూడా నిన్న సాయంత్రమే చేసేశాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ముందుకి తోలారు. అన్నీ చితికినాయి, ఒకటి మాత్రం జారి పక్కకి దొర్లింది. ఎవరూ చూడలా. నేను చూశా. తీసి కొంగులో దాచా.

నవ్వకండి. మీరు కూడా మొదటిసారి స్టార్టు చేసేముందు కళ్ళు మూసుకుని బిస్మిల్లా అనుకోలేదూ? నేను చూశాగా.

శౌరమ్మ ముఠా అంతా లోడు మీద కూర్చుని ఉయ్యూరు వస్తామన్నారు. చెరుకు కొట్టే ఆడవాళ్ళు. పాపం ఒళ్ళంతా చెరుకాకు కోతలతో ఉంటారు. బజారు చూసుకుని, పిల్లలకి గాజులో రిబ్బన్లో కొనుక్కుని, ఖాళీ బండిలో తిరిగొస్తామని ఒకటే సంబరం. ఈయనేమో పెళ్ళివారిని పిలిచినట్టు, అందరూ ఎక్కండే అన్నారు.

పుల్లేరు కట్ట మీదుగా రావాలండీ. మిల్లు దాటాక, అల్లంత దూరంలో కట్ట దిగే వాలుంది చూశారా, దిగంగానే వంతెన? ఆ వంతెనకి పిట్టగోడ ఒక పక్కే మిగిలింది. రెండో పక్క ఉత్త గాలి, కింద కాలవ. ఆ వాలులో అంత లోడు, దాని మీద అంతమంది, కింద బ్రేకు మీద ఆ కాలు. పుండు మానింది గానీ కాలు కాలేనాండీ అది?

నేను నిద్రలో కూడా ఆ వాలే దిగుతున్నా, రోజూ.

మీ ఫోనేనా మోగింది? పక్క షాపుదా? ఏమో, నాకన్నీ మీ ఫోనులాగే వినపడుతున్నాయి.

అందుకని... సరే, చెప్పేస్తా. తిట్టకండి. ఆయన్ని మాటలతో ఆపలేనని, బండినే ఆపేశా.

అట్లా చూడకండి, నాకూ తెలుసండీ కొద్దో గొప్పో. ఆ ఇంట్లో కోడలిగా ఊరికే ఉన్నానా? మా మామగారికి ఒక అలవాటుండేది. ఎక్కడ బండి ఆపినా సరే, బానెట్టు ఎత్తి, నల్ల వైరొకటి ఊడబెరికి, చుట్ట చుట్టి జుబ్బా జేబులో వేసుకునేవారు. వేలు లావు రబ్బరు వైరు. అది లేకపోతే ఎంత మొనగాడొచ్చినా బండి కదలదు. పెళ్ళికెళ్ళినా, తిరనాళ్ళకెళ్ళినా ఆ వైరు ఆయన జేబులో ఉండాల్సిందే. ఆ జేబు మరకలు ఉతికి ఉతికి నా చేతులు అరిగిపోయినాయి. ఆ కిటుకు నేర్పింది మీ నాన్నగారేనంట, మామగారు చెబుతుండేవారు.

తాళంచెవి దాచి లాభం లేదని మీరే చూపించారుగా. అందుకే ఆ వైరు గుర్తొచ్చింది నాకు.

పొద్దున ఆయన నూతి దగ్గర స్నానం చేస్తున్నారు. బానెట్టు ఎత్తా. అమ్మో, లోపలంతా మారిపోయింది! మామగారి నాటిది ఒక్కటీ కనపడలా. డైనమో ఒక్కటి గుర్తుపట్టా, బెల్టుంటదిగా. దాని వెనకమాల నుంచి పోతోందండీ, నల్లగా, వేలు లావున, అచ్చం అదే. కరెంటు డైనమో నుంచేగా రావాలి? మొదట్లో క్లిప్పుంటే పావలా బిళ్ళతో మర తిప్పి ఊడదీశా. రెండో కొస ఎక్కడో కిందికి పోయింది, చెయ్యందలా. చెరుకు కత్తి పక్కనే ఉంటే దాంతో కోసేశా. బానెట్టు మూసి, చేతులు కడుక్కుని, ఆయనకి కాఫీ ఇచ్చి బయల్దేరా.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది ఒక్కటే. బండి స్టార్టవ్వట్లేదని ఆయన మిల్లు నుంచి ఫోను చేస్తారు. మీరు వచ్చి చూసి, ఏదో సామాను పోయింది, మద్రాసు నుంచి రావాలి అనండి. సీజను సగమయ్యేదాకా అట్లాగే లాగండి. ఈలోపు ఇవాళ్టి చెరుక్కి లారీ ఏదో నేను చూస్తా. అలిగి, ఏడ్చి, పుట్టింటికెళ్తానని బెదిరించి, బండి ఇశ్రాయేలు చేతిలో పెట్టిస్తా. అప్పుడు దీన్ని మళ్ళీ తగిలిద్దురుగాని. మీకు పుణ్యముంటది.

ఫోనెందుకు రాలేదో నాకర్థం కావట్లా. పొద్దున్నే చేలోకి తోలాలిగా బండిని, లోడెత్తటానికి. స్టార్టవ్వకపోతే ఆ క్షణమే మిల్లుకి పరిగెత్తే మనిషి.

ఆ వైరా? సంచిలోనే ఉందండీ, తెచ్చా. ఇదిగో, తువ్వాల్లో చుట్టి పెట్టా. చూడండి. లోపల తీగ లేదేంటో, డొల్లగా ఉంది. కొత్త రకమేమోలే అనుకున్నా.

ఏంటండీ? ఎందుకు లేచారు?

రవూఫ్ గారూ, ఏంటది, చెప్పండి. స్పానరు అట్లా పడేశారేంటి?

వైరు కాదా? పైపా? ఏం పైపు?

గాలి... ఏ గాలి? డైనమో వెనక గుండ్రంగా ఉందే, అదా బ్రేకు పంపు? అదేనా? కాదండీ, విడిగా పంపు పెట్టారన్నారు ఆయన. డైనమోకే అంటించారా? నాకెవరు చెప్పారండీ డైనమోకి అంటించారని! ఎవరన్నా చెప్పారా నాకు!

ఆగండి, ఆగండి. బండైతే స్టార్టవ్వదుగా? అది చెప్పండి ముందు. ఇది లేకుండా స్టార్టవ్వదుగా?

తల ఊపుతారేంటి, నోటితో చెప్పండి. అవుద్దా?

మామూలుగానే అవుద్దా?

అందుకా ఫోను రాలేదు.

మరి బ్రేకు? అసలు పడదా? గట్టిగా తొక్కితే పడుద్దా? ఎంత గట్టిగా? ఆ గడ్డివాము రోజులాగా? లేచి నిలబడాలా? ఆయన లేచి నిలబడరండీ, పువ్వులా నొక్కితే చాలనుకుంటున్నారు. గట్టిగా ఉందో మెత్తగా ఉందో ఆ కాలుకి తెలియదు. చేలోకి తోలినప్పుడు కూడా తెలిసుండదు. అక్కడంతా చదును కదా, గేర్లలోనే పోతారు.

ఫోను. ఫోను ఇవ్వండి ఇట్లా. మిల్లు నంబరు నాకు నోటికొచ్చు. మీరు తిప్పండి, నేను చెబుతా.

హలో? హలో, సుబ్బరత్నం గారూ? నేనండీ, రాజ్యలక్ష్మిని, జానకిరామ్ గారి... ఆఁ, ఆఁ, విజయవాడ నుంచి. మా బండి వచ్చిందా అటు? ఎప్పుడు? ఇప్పుడా? ఇప్పుడంటే? కనపడుతోందా మీకు? అయ్యా, గుమాస్తా గారూ, మీకు దణ్ణం పెడతా, పరిగెత్తండి. కట్ట దిగకుండా ఆపండి. బ్రేకుల్లేవని కేకెయ్యండి. లేవండీ, లేవు, నేనే... తర్వాత చెబుతా, పరిగెత్తండి!

హలో?

రిసీవరు బల్ల మీద పడేసి పోయాడు. సైకిలు స్టాండు తీసిన చప్పుడు వినపడింది.

ఇప్పుడే దాటిందంటండీ మిల్లు ముందు నుంచి. మామిడాకులు కట్టుకుని, హారను కొట్టుకుంటా. శౌరమ్మ వాళ్ళు లోడు మీద పాట పాడుతున్నారంట. సుబ్బరత్నం గారికి చెయ్యి ఊపారంట మా ఆయన. పెద్దాయన బండి తోలినట్టే ఉందమ్మా అన్నాడు. నవ్వుతా చెప్పాడు.

మీరు స్కూటరు తీసి ఏం చేస్తారండీ? ఉయ్యూరు దాటి ఆవల. ఇక్కడి నుంచి ఏం చేస్తారు? ఉండండి. నా పక్కన ఉండండి.

మిల్లు చప్పుడొక్కటే వస్తోంది. ధాన్యం ఆడుతున్నట్టున్నారు. ఇంకేం లేదు.

ఒడ్ల బస్తాల మీద కూర్చున్నట్టు కూర్చుని ఉంటారండీ వాళ్ళు, ఆ చెరుకు మీద. శౌరమ్మ కూతురు కూడా ఎక్కుంటది. తల్లిని వదిలి ఉండదు అది.

నేను మంచే అనుకున్నానండీ. మీకు తెలుస్తోందిగా? ఆ మనిషిని బతికించుకోవాలనే కదా...

కాదు. ఇంకోటి కూడా ఉంది. ఎట్లాగూ ఒట్టు తప్పా, అది కూడా చెప్పేస్తా. పొద్దున బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. సంచి ఒళ్ళో పెట్టుకుని, పైనుంచి దీన్ని తడిమి చూసుకున్నా. పెళ్ళయిందగ్గర్నుంచీ ఏ మాటలోనూ నన్ను గెలవనివ్వలేదండీ ఆయన. ఇవాళ గెలిచా అనుకున్నా. బానెట్టెత్తి తల గోక్కునే ఆయన మొహం తల్చుకుని, కంకిపాడు దాకా ఒక్కదాన్నే నవ్వుకుంటా వచ్చా. పక్కనావిడ అడిగింది కూడా, ఏంటమ్మా అంత సంతోషం అని.

ఉష్. ఎవరో వచ్చారు.

రిసీవరు ఎత్తారండీ. ఊపిరి వినపడుతోంది. పరిగెత్తి వచ్చిన ఊపిరి.

మీరు తీసుకోండి రవూఫ్ గారూ. పొద్దున నవ్విన నోరండీ ఇది, దీంతో ఆ మాట ఎట్లా అడగను?